శిక్షణపై సంతృప్తి సర్వే: కడప జిల్లా సిమెంటు కర్మాగారంలో నా అనుభవం

కడప జిల్లాలో యర్రగుంట్ల, జమ్మలమడుగు, కమలాపురం ప్రాంతాల్లో సిమెంటుకు పనికివచ్చే సున్నపురాయి విస్తారంగా దొరుకుతుంది కాబట్టి, దశాబ్దాలుగా ఇక్కడ సిమెంటు కర్మాగారాలు నడుస్తున్నాయి. వాటిలో ఒకదానిలో నేను మెకానికల్ విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి, ఆ తరువాత శిక్షణ విభాగానికి మారాను. సంస్థ ఇస్తున్న శిక్షణ పట్ల ఉద్యోగులకు ఎంతవరకు సంతృప్తి ఉందో తెలుసుకుని నివేదిక ఇవ్వమని యాజమాన్యం మా విభాగాన్ని కోరినప్పుడు, ప్రశ్నపత్రం తయారీ మొదలుకొని నివేదిక సమర్పించేదాకా ఆ పని ఎక్కువగా నా చేతుల మీదుగానే జరిగింది. ఇటువంటి బాధ్యత ఇతర సంస్థల్లోనూ చాలామందికి అప్పగిస్తుంటారు. వారికి ఉపయోగపడుతుందనే ఉద్దేశంతో ఆ క్రమంలో నేను చూసినది, విన్నది ఇక్కడ రాస్తున్నాను.

అప్పటికే మా దగ్గర ఫీడ్‌బ్యాక్ ఫారాలు బీరువాల నిండా ఉన్నాయి. ప్రతి తరగతి చివర ఒక కాగితం పంచుతారు. బోధకుడు ఎలా చెప్పాడు, విషయం అర్థమైందా, హాలు, భోజనం బాగున్నాయా అన్న ప్రశ్నలకు ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేయమంటారు. ఆ ఫారాలు తీసి చూస్తే దాదాపు అన్నింటిలో నాలుగులు, ఐదులే కనిపించాయి. అవి చూపించి ఉద్యోగులు సంతృప్తిగా ఉన్నారని ఒక్క పూటలో నివేదిక రాసేయవచ్చు. కానీ ఆ ఫారాలు ఎటువంటి పరిస్థితిలో నింపుతారో నాకు స్వయంగా తెలుసు. తరగతి ముగిసేసరికి ప్రొద్దుటూరు బస్సు గేటు దగ్గర సిద్ధంగా ఉంటుంది. ఫారం పైభాగాన పేరు, టోకెన్ నంబరు రాయాలి. పాఠం చెప్పిన వ్యక్తి ఎదురుగానే నిలబడి ఫారాలు తీసుకుంటుంటాడు. దూరం నుంచి వచ్చి, రోజంతా గొంతు చించుకుని చెప్పిన మనిషికి ముఖం మీద రెండు మార్కులు వేయడానికి మన ప్రాంతంలో ఎవరికీ మనసు రాదు. అందువల్ల ఆ అంకెలు మర్యాదను కొలిచాయే తప్ప శిక్షణను కొలవలేదని నా అభిప్రాయం.

ఈ సంగతి శిక్షణారంగంలో ఉన్నవారికి కొత్తది కాదు. 1959లో డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ ఆచార్యుడు రాసిన వ్యాసాలతో మొదలైన పద్ధతి ప్రకారం శిక్షణ ఫలితాన్ని నాలుగు దశల్లో చూస్తారు: తరగతి పట్ల వచ్చినవారి స్పందన, వారు నేర్చుకున్నది, పనిచేసే తీరులో వచ్చిన మార్పు, చివరగా సంస్థకు కలిగిన ఫలితం. మా ఫారం మొదటి దశ దగ్గరే ఆగిపోయింది. నాణ్యతా నిర్వహణకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9001, 2015 కూర్పులో కూడా, ఉద్యోగి సామర్థ్యం కోసం తీసుకున్న చర్య ఫలించిందో లేదో మదింపు చేయాలని 7.2 క్లాజు స్పష్టంగా చెబుతుంది. ఆడిట్‌కు వచ్చినవారికి మేము చూపించేది మాత్రం ఆ భోజనం మార్కులున్న కాగితాన్నే.

దీనికి ఒక కారణం లెక్కల ఒత్తిడి. ఏడాదికి ఒక్కొక్కరికి ఇన్ని గంటల శిక్షణ ఇవ్వాలని లక్ష్యం పెడతారు. పైగా 2022-23 నుంచి స్టాక్ మార్కెట్‌లో నమోదైన మొదటి వెయ్యి కంపెనీలు, స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ అయిన సెబీ నిర్దేశించిన బీఆర్ఎస్ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదికలో ఆరోగ్య భద్రతపై ఎంతమందికి, నైపుణ్యాభివృద్ధిపై ఎంతమందికి శిక్షణ ఇచ్చామో సంఖ్యలు, శాతాలతో ప్రకటించాలి. ఇలా ప్రకటించాల్సి రావడం మంచిదే, నేను దానికి వ్యతిరేకిని కాను. అయితే ఆ పట్టికలో హాజరైనవారి సంఖ్యకు చోటుంది కానీ, హాజరైనందువల్ల వారికి ఏం ఒరిగిందన్న దానికి చోటు లేదు. అందుకే డిసెంబరు దాకా మందకొడిగా సాగే తరగతులు ఆర్థిక సంవత్సరం ముగింపు దగ్గరపడగానే ఒక్కసారిగా ఊపందుకుంటాయి. మార్చి 4న వచ్చే జాతీయ భద్రతా దినోత్సవంతో మొదలయ్యే వారమంతా హాలు ఖాళీగా ఉండదు. రాత్రి షిఫ్టు దిగినవారిని ఉదయం ఇంటికి పంపకుండా అటునుంచి అటే తరగతిలో కూర్చోబెట్టడం నేను చాలాసార్లు చూశాను. ఎనిమిది గంటలు మిల్లుల దగ్గర నిలబడి వచ్చిన మనిషి ఆ చల్లటి గదిలో కునుకు తీయకుండా ఎలా ఉంటాడు? రిజిస్టరులో మాత్రం అతని పేరున రెండు గంటల శిక్షణ జమ అవుతుంది.

కొత్త ప్రశ్నపత్రం తయారుచేసేటప్పుడు మేము కొన్ని నిర్ణయాలు ముందే తీసుకున్నాము. 1932లో రెన్సిస్ లికర్ట్ ప్రవేశపెట్టిన ఐదు మెట్ల కొలబద్దనే వాడాము, ఎందుకంటే అది అందరికీ అలవాటైనది. కానీ తరగతి గురించిన ప్రశ్నలు తగ్గించి, తరగతి తరువాతి రోజుల గురించిన ప్రశ్నలు పెంచాము. మిమ్మల్ని ఈ శిక్షణకు ఎందుకు పంపారో పంపేముందు ఎవరైనా చెప్పారా, నేర్చుకున్న పనిని మీ చేత చేయించారా, అందుకు కావలసిన పనిముట్లు మీకు అందుబాటులో ఉన్నాయా, మీ షిఫ్ట్ ఇన్‌ఛార్జి తరువాత దాని గురించి ఒక్కసారైనా అడిగారా, గ్రేడు పెరగడానికి ఈ శిక్షణ ఏమైనా తోడ్పడుతుందని మీరు నమ్ముతున్నారా అన్నవి ముఖ్యమైన ప్రశ్నలు. భాష విషయంలో రాజీ పడలేదు. ఇంగ్లీషులో రాసి తెలుగులోకి మార్చిన ముసాయిదా చదివితే ఫిట్టర్లకు సగం అర్థం కాలేదు. క్యాంటీనులో నలుగురైదుగురితో కూర్చుని, వారు ఆ సంగతిని ఏ మాటల్లో చెప్పుకుంటారో విని, ఆ మాటలతోనే ప్రశ్నలను మళ్లీ రాశాము.

పేరు, టోకెన్ నంబరు తీసేశాము. అంతమాత్రాన నమ్మకం వస్తుందని అనుకోకూడదు. ప్యాకింగ్ విభాగంలో ఐటీఐ చదివి పదిహేనేళ్లకు పైగా పనిచేస్తున్న ఎలక్ట్రీషియన్ ఒక్కడే ఉంటే, ఆ వివరాలకు టిక్కు పెట్టగానే అతనెవరో అందరికీ తెలిసిపోతుంది. అందువల్ల చిన్న విభాగాలను కలిపేసి, సర్వీసును రెండు వర్గాలుగా మాత్రమే అడిగాము. ఫారాలు వేసే పెట్టెను మొదట టైమ్ ఆఫీసు దగ్గర ఉంచాలన్నారు. అక్కడ కెమెరా ఉందని, ఎవరు వేస్తున్నారో కనిపిస్తుందని కార్మిక సంఘం వారు చెప్పడంతో క్యాంటీనులో చేతులు కడుక్కునే చోటుకు మార్చాము. ఇది చిన్న విషయంలా కనిపించవచ్చు. కానీ పెట్టె మారిన తరువాత వచ్చిన ఫారాల్లో ఖాళీగా వదిలేసే వ్యాఖ్యల గడి నిండి రావడం మొదలైంది.

ఫలితాలను కూడినప్పుడు మొత్తం సగటు ఫరవాలేదనిపించేలా ఉంది. ఆ ఒక్క అంకెను పట్టుకుని ఉంటే మాకేమీ తెలిసేది కాదు. ప్రశ్నలవారీగా, విభాగాలవారీగా విడదీసి చూస్తే మెకానికల్ విభాగం ప్రత్యేకంగా కనిపించింది. బోధన నాణ్యతకు అందరికంటే ఎక్కువ మార్కులు వేసినది ఆ విభాగం వారే. నేర్చుకున్నది వాడే అవకాశానికి అందరికంటే తక్కువ మార్కులు వేసినదీ వారే. నేను అక్కడి నుంచే వచ్చినవాడిని కాబట్టి కారణం ఊహించగలిగాను, కానీ ఊహను నివేదికలో రాయలేము. అందుకని పని జరిగేచోటికే వెళ్లి మాట్లాడాలని నిర్ణయించాము.

సిమెంటు మిల్లు దగ్గర ఒక ఫ్యాన్ మోటారు మార్చి, ఫ్యాన్ షాఫ్టుకూ మోటారు షాఫ్టుకూ అలైన్‌మెంట్ (రెండూ ఒకే గీతలో ఉన్నాయా అని) చూస్తున్న సమయానికి నేను అక్కడికి చేరుకున్నాను. ఆ పని చేస్తున్న సీనియర్ ఫిట్టరును అంతకు ముందు లేజర్ అలైన్‌మెంట్ మీద బయటి నిపుణులు ఇచ్చిన శిక్షణకు పంపించాము. చాలా మంచి శిక్షణ అది; పరికరాన్ని రెండు షాఫ్టులను కలిపే కప్లింగుకు రెండు వైపులా బిగించడం, మోటారు కాళ్లలో ఏది నేలకు సరిగా ఆనడం లేదో కనిపెట్టడం, తెర మీద చూపిన మేరకు కాళ్ల కింద షిమ్ములు (పలుచటి రేకులు) వేయడం అన్నీ చేత్తో చేయించి మరీ నేర్పారు. అటువంటి మనిషి ఆ రోజు పాత పద్ధతిలో, ముల్లుతో కొలత చూపే డయల్ గేజీ బిగించి, కప్లింగును పావు చుట్టు తిప్పుతూ, ఒక్కొక్క రీడింగును మోటారు కవరు మీద సుద్దముక్కతో రాసుకుంటున్నాడు. డయల్ గేజీతో అలైన్‌మెంట్ రాదని కాదు, నేర్పున్న చేతికి కచ్చితంగా వస్తుంది. కానీ మిల్లు ఆగి ఉన్న ప్రతి గంటా నష్టమే అయిన చోట లేజరుతో త్వరగా ముగిసే పని అది.

"అన్నా, లేజరు పరికరం తెచ్చుకోలేదా?" అని అడిగాను. తల ఎత్తకుండానే సమాధానం చెప్పాడు. "అది స్టోర్ల బీరువాలో ఉంది సార్. ఇంజినీరు సంతకం పెడితేనే ఇస్తారు. పోతే తన మీదికొస్తాదని ఆయనకు భయం. ఇప్పుడు ఆయన కిల్న్ కాడ ఉండాడు. నేర్చుకునింది చెయ్యనియ్యకుంటే నేర్పిచ్చేది దేనికి సార్?" ఆ మాటలో కోపం కంటే బాధే ఎక్కువగా వినిపించింది. శిక్షణకు వెళ్లిన రోజుల్లో రాసుకున్న నోటు పుస్తకాన్ని అతను ఇంకా లాకరులో దాచుకున్నాడు. తీసి చూపించాడు కూడా. బొమ్మలు గీసి, కొలతలు రాసి, పక్కన తెలుగులో వివరణలు రాసుకున్న ఆ పేజీలు చూస్తే అతను ఎంత శ్రద్ధగా నేర్చుకున్నాడో అర్థమవుతుంది.

ఇదే విభాగంలో బేరింగుల సంగతి దీనికి పూర్తిగా భిన్నంగా ఉంది. బేరింగును షాఫ్టు మీద ఎక్కించేముందు ఇండక్షన్ హీటరుతో సుమారు 110 డిగ్రీల దాకా వేడిచేయాలని, 125 దాటనివ్వకూడదని, సుత్తితో కొట్టి ఎక్కిస్తే లోపలి దారులు దెబ్బతిని అది త్వరలోనే పాడవుతుందని ఇంకొక తరగతిలో చెప్పారు. ఆ హీటరు వర్క్‌షాపులోనే బల్ల మీద ఉంటుంది, ఎవరి సంతకమూ అవసరం లేదు. తరగతి నుంచి తిరిగి వచ్చిన వారంలోనే హెల్పర్లు సైతం దానిని వాడడం మొదలుపెట్టారు. ఆ శిక్షణ గురించి అడిగితే ముఖాలు వెలిగాయి. మనుషులు వారే, విభాగమూ అదే. తేడా అంతా పనిముట్టు అందుబాటులో ఉండడంలోనే ఉంది.

సెంట్రల్ కంట్రోల్ రూములో పనిచేసేవారు శిక్షణ పట్ల బాగా సంతృప్తిగా ఉన్నారు. సిమ్యులేటరు మీద నేర్చుకున్నది మరుసటి షిఫ్టులో అదే తెర ముందు కూర్చుని వాడుకునే వీలు వారికి ఉంటుంది. లాబొరేటరీ వారి మాట కూడా ఇంచుమించు అదే కాబట్టి ఆ రెండింటి గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టినది కాంట్రాక్టు కార్మికుల విషయం. మొదట మాకు ఇచ్చిన ఆదేశంలో వారు లేరు. సర్వే పర్మనెంటు ఉద్యోగులకు మాత్రమే అన్నారు. కానీ ప్రీహీటరు (ముడి పొడిని కిల్న్ అనే కొలిమిలోకి పంపేముందు వేడిచేసే ఎత్తైన కట్టడం) అంతస్తుల్లో, ప్యాకింగులో, కన్వేయర్ల కింద శుభ్రం చేసే పనుల్లో ఉన్నది చాలావరకు వారే. ప్రీహీటరు అడుగు సైక్లోన్లలో (వేడి గాలి నుంచి పొడిని వేరుచేసే గరాటు ఆకారపు పాత్రల్లో) పొడి 800 డిగ్రీలకు పైబడిన వేడితో ఉంటుంది. సైక్లోన్ మూసుకుపోయినప్పుడు పేరుకున్న పొడిని కదిలిస్తే, అది ఒక్కసారిగా విడిపోయి నీళ్లలా పారి, తెరిచిన ద్వారం గుండా మీదికి వస్తుంది. సిమెంటు పరిశ్రమలో అత్యంత ప్రమాదకరమైన పనుల్లో అది ఒకటి. ఏ ద్వారం ఎప్పుడు తెరవాలి, పై నుంచా కింది నుంచా ఎటు మొదలుపెట్టాలి, ఎటు నిలబడాలి, వెనక్కి పరుగెత్తే దారి ఏది, వేడిని తట్టుకునే సూటు ఎలా తొడుక్కోవాలి అన్నవి అక్కడ నిలబడి చేసి చూపిస్తే తప్ప రావు. వారికి అందుతున్నది మాత్రం గేట్ పాస్ ఇచ్చే రోజు వీడియో చూపించి, సంతకం తీసుకునే ఇండక్షను (తొలి పరిచయ శిక్షణ) మాత్రమే. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం, 1948లో 1987 సవరణ ద్వారా చేర్చిన 111ఎ సెక్షను, ఆరోగ్య భద్రతలకు సంబంధించి వీలైన చోట కర్మాగారంలోనే శిక్షణ పొందడాన్ని కార్మికుడి హక్కుగా పేర్కొంది. ఆ చట్టంలోని కార్మికుడి నిర్వచనంలోకి కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారూ వచ్చేవారు.

మా సంస్థకే చెందిన సున్నపురాయి గనిలో పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా ఉంది. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమాల ప్రకారం గనిలో అడుగుపెట్టే కార్మికుడు ఎవరి మనిషి అయినా ముందుగా శిక్షణ పొందాలి, తరువాత నిర్ణీత కాలానికి పునశ్చరణ తరగతికి వెళ్లాలి. అక్కడి కాంట్రాక్టు డంపర్ డ్రైవర్లతో మాట్లాడితే తమకు ఏం నేర్పారో గుక్క తిప్పుకోకుండా చెప్పారు. ఒకే యాజమాన్యం కింద, కొద్ది కిలోమీటర్ల దూరంలో రెండు రకాల మనుషులను చూసినట్లయింది. ఈ పోలికను నివేదికలో పెట్టాకనే కాంట్రాక్టు కార్మికుల అభిప్రాయాలు కూడా సేకరించడానికి అనుమతి దొరికింది. చదవడం రానివారి దగ్గర ప్రశ్నలు చదివి వినిపించాము. "మమ్మల్ని కూడా అడుగుతాండారా సార్?" అని ప్యాకింగులో ఊడ్చే ఒక ఆమె ఆశ్చర్యపోయింది. దుమ్ము మాస్కు ముఖానికి సరిగా అంటుకునేలా ఎలా కట్టుకోవాలో తనకు ఎవరూ చూపించలేదని, తోటి ఆమెను చూసి కట్టుకున్నానని చెప్పింది. అది నేర్పడానికి ఐదు నిమిషాలు చాలు.

అభివృద్ధి అన్న మాటకు వస్తే యువకుల అసంతృప్తి వేరే రకంగా ఉంది. కర్మాగారానికి భూములిచ్చిన కుటుంబాల నుంచి ఉద్యోగాలు పొందిన పిల్లల్లో చాలామంది ఐటీఐ, డిప్లొమా చదివినవారు. తమను ఏ శిక్షణకు పంపుతారో, దానివల్ల ఎన్నేళ్లకు ఏ స్థాయికి చేరుకోగలరో ఎవరూ చెప్పడం లేదని వారు వాపోయారు. ఏటా అప్రైజల్ ఫారంలో శిక్షణ అవసరాలు అనే గడి ఒకటి ఉంటుంది. దానిని ఉద్యోగితో మాట్లాడి నింపాలని నియమం. ఫారాలు వరుసగా పేర్చి చూస్తే, ఒక విభాగంలో అందరికీ గత ఏడాది రాసిన వాక్యమే ఈ ఏడాదీ ఉంది. వెల్డరుకూ, క్రేన్ ఆపరేటరుకూ ఒకే అవసరం ఉండడం సాధ్యం కాదు. పని భారం వల్లనే అలా జరుగుతోందని విభాగాధిపతులు చెప్పారు, అది నిజమే కావచ్చు. కానీ తన గురించి రాసిన ఆ ఒక్క వాక్యం తనతో మాట్లాడకుండా రాశారని తెలిసిన యువకుడికి సంస్థ మీద ఎటువంటి భావన కలుగుతుందో వారు ఆలోచించాలని నివేదికలో రాశాను.

నివేదిక సమర్పించిన రోజున గంటలకొద్దీ చర్చ జరిగింది. పరికరాలు ఖరీదైనవి, అందరి చేతికీ ఇస్తే పోతాయి, పాడవుతాయి అన్నది ప్రధాన అభ్యంతరం. దానిని తేలికగా తీసిపారేయలేము. శిక్షణ పొందిన ఫిట్టర్ల పేర్లతో ఒక జాబితా పెట్టి, వారిలో ఎవరైనా తన సంతకంతోనే తీసుకుని, అదే షిఫ్టులో తిరిగి ఇచ్చేలా ఏర్పాటు చేయవచ్చని మెకానికల్ విభాగం నుంచే సూచన వచ్చింది, అది అమలైంది. రాత్రి షిఫ్టు తరువాత తరగతులు పెట్టకూడదని ఉత్తర్వు ఇచ్చారు. తరగతి చివర ఇచ్చే ఫారం కొనసాగుతోంది కానీ, రెండు నెలల తరువాత పని దగ్గర ఉద్యోగినీ, అతని షిఫ్ట్ ఇన్‌ఛార్జినీ విడివిడిగా అడిగే చిన్న ఫారం ఒకటి దానికి తోడైంది. ఇద్దరి సమాధానాలు పొంతన లేకుండా వస్తే మా విభాగం వెళ్లి చూస్తుంది. నిజానికి ఈ రెండో ఫారం మొదలుపెట్టాకనే షిఫ్ట్ ఇన్‌ఛార్జులు తమ మనుషులు ఏ తరగతికి వెళ్లొచ్చారో గుర్తుపెట్టుకోవడం మొదలుపెట్టారు.

మరుసటి సర్వేలో బోధనకు పడిన మార్కులు కొంత తగ్గాయి. కొందరు అధికారులు దానిని చూసి కంగారు పడ్డారు. మనస్ఫూర్తిగా చెబుతున్నాను, నాకు అది సంతోషం కలిగించింది. పేరు బయటికి రాదని నమ్మిన మనిషి నచ్చనిదానికి నచ్చలేదని రాయగలుగుతున్నాడు. మెకానికల్ విభాగంలో నేర్చుకున్నది వాడే అవకాశానికి సంబంధించిన మార్కులు స్పష్టంగా పెరిగాయి.

కాంట్రాక్టు కార్మికులకు ప్రీహీటరు మీద ప్రత్యక్ష శిక్షణ ఇప్పుడు జరుగుతోంది, అయితే ఒక చిక్కు మిగిలిపోయింది. కాంట్రాక్టరు మారినప్పుడు మనుషులు చాలావరకు వారే కొనసాగుతారు కానీ, వారి శిక్షణ రికార్డులు పాత కాంట్రాక్టరు ఫైలులోనే ఉండిపోతాయి. కొత్త గేట్ పాస్‌తో వారు మళ్లీ ఏమీ నేర్వనివారి లెక్కలోకి వస్తారు. గనిలో ఇచ్చే ధ్రువపత్రం లాంటిదే ఒకటి కార్మికుడి పేరునే ఇచ్చి, అది అతని దగ్గరే ఉండేలా చేయాలని మేము ప్రతిపాదించాము. దాని మీద కాంట్రాక్టర్లతో సంప్రదింపులు జరుగుతున్నాయి. వచ్చే టెండరు నిబంధనల్లో దానిని చేర్పించడానికి ప్రయత్నిస్తున్నాము.